భయస్తురాలు

మొన్న ఆదివారం పొద్దున అక్క భర్త సుబేదార్ గారు ఫోన్ చేశారు. ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. "మీ అక్క ఎల్లిపోనాదమ్మా," అన్నారు. నిద్రలోనే పోయిందట. పొద్దున టీ పట్టుకెళ్ళి లేపితే లేవలేదట. నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు. 'అమ్మయ్య, భయపడే అవకాశం రాలేదన్నమాట' అనుకున్నాను. ఏడుపు ఆ తరువాత వచ్చింది.

ఆవిడ పేరు రాయను. ఆడవాళ్ళు ఇళ్ళలో దెబ్బలు తింటూ, బెదిరింపులు పడుతూ, దిక్కుతోచక ఫోన్ చేస్తే మాట్లాడే చిన్న ఆఫీసొకటి ఢిల్లీలో ఉంది, ఆవిడ అక్కడ పనిచేసేది. అక్కడ పనిచేసే వాళ్ళ పేర్లు బయట చెప్పకూడదన్నది నియమం. మనిషి పోయాక ఆ నియమం సడలుతుందో లేదో నాకు తెలియదు. హిందీవాళ్ళు ఆంటీజీ అనేవారు, నేను అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను గుంటా అనేది. మా ఖమ్మం వైపు గుంట అంటే నీళ్ళు నిలిచే మడుగు. శ్రీకాకుళం వైపు ఆడపిల్ల అని తెలిసేదాకా నేను కొంచెం నొచ్చుకున్నాను కూడా.

అంత భయస్తురాలిని నేను మళ్ళీ చూడలేదు. కుక్కలంటే భయం, కోతులంటే ప్రాణభయం. మెట్రో స్టేషన్‌లో కదిలే మెట్ల ముందు నిలబడి ఒక కాలు ముందుకు చాపేది, వెనక్కి తీసుకునేది. వెనక జనం "ఆంటీజీ, జల్దీ కరో" అని విసుక్కుంటే, పక్కకు జరిగి మామూలు మెట్లెక్కి ఆయాసంతో పైకి వచ్చేది. కరెంటు స్విచ్చి చెంగుతో పట్టుకుని వేసేది. ఢిల్లీలో ఎండాకాలం సాయంత్రాలు దుమ్ముగాలి లేచి ఉరుములు మొదలైతే, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి "అర్జునా, ఫల్గుణా" అనుకునేది. అవతలి మనిషికి ఉరుము వినిపిస్తే ఎక్కడ జడుసుకుంటుందో అని ఆవిడ బెంగ.

మాట్లాడుతున్నంతసేపూ పమిట కొంగును సన్నటి కుచ్చిళ్ళుగా మడిచేది. చివరికి వచ్చాక మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టేది. కాల్ తనంతట తాను ఎప్పుడూ కట్ చేసేది కాదు. "ముందు ఆలు పెట్టాల. మనం పెట్టీసినామనుకో, మొకం మీద తలుపేసినట్టుంటాది," అనేది. అవతలి వైపు ఎవరూ మాట్లాడకపోయినా, ఉత్త ఊపిరి మాత్రమే వినిపిస్తున్నా, అలాగే చెవికి ఆనించుకుని కూర్చునేది.

సుబేదార్ గారు సరిహద్దులో ఉన్న రోజుల్లో, కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఇద్దరు పిల్లలతో ఆవిడ ఒక్కతే ఉండేదట. లైనంతటికీ కలిపి ఒకటే ఫోన్. "మోగితే బయ్యం, మోగకపోతే ఇంకా బయ్యం," అని చెప్పేది. ఇంత భయం పెట్టుకుని ఈ పనికి ఎందుకొచ్చావక్కా అని ఒకసారి అడిగాను. "బయ్యం లేనోలు ఈ ఫోనెత్తకూడదు గుంటా. అవతలోలు సెప్పేది ఆలకి తెల్దు," అంది. అదేమీ గొప్పగా చెప్పలేదు. చిక్కుడుకాయలు ఈనె తీస్తూ చెప్పింది.

నేనప్పుడు గురుగ్రామ్‌లో ఒక కంపెనీ మానేసి, ఇంకో కంపెనీలో చేరబోయే ముందు ఖాళీగా ఉన్నాను. దక్షిణ ఢిల్లీలోని బేర్ సరాయ్‌లో గది. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడమే నా ఉద్యోగం. ఆ ఆఫీసు కూడా మా గల్లీ చివరే, ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేది. తీరిక దొరికినప్పుడల్లా అక్కడ సాయానికి వెళ్ళేదాన్ని. ఆ వానాకాలం బేస్‌మెంట్‌లోకి మోకాటి లోతు నీళ్ళు వచ్చాయి. ఆఫీసు నడిపే కోఆర్డినేటర్ దీదీ ఆ రోజే ఎదురింటి మొదటి అంతస్తులో ఒక గది మాట్లాడింది. బల్లలు, కుర్చీలు, ఫోన్లు అన్నీ గల్లీ దాటించాం. దాటనిది ఇంటర్నెట్ ఒక్కటే. లైను మార్చడానికి చాలా రోజులు పడుతుందని కంపెనీ వాళ్ళు చెప్పారు. పాత ఇంటి యజమాని మాత్రం మంచివాడు. అంతవరకు ఆ లైనును తన పైఅంతస్తులో ఉంచుకోమన్నాడు.

చిక్కేమిటంటే, మా ఫోన్లు ఇంటర్నెట్ మీదనే నడిచే బల్ల ఫోన్లు. వాటికి వెనక తీగ గుచ్చితేనే ప్రాణం వస్తుంది, వైఫై తెలియదు. ప్రింటరూ అంతే, పాత కంప్యూటరూ అంతే. సొంత మొబైళ్ళలో మాట్లాడటం నిషేధం. ఎప్పుడో మా ఆఫీసులో ఒకామె నంబరు, ఫోన్ చేసినామె మొగుడి చేతిలో పడి చాలా గొడవైందట. గల్లీకి అడ్డంగా తీగ లాగుదామంటే, అప్పటికే అక్కడ కరెంటు తీగలు చిక్కుపడి వేలాడుతున్నాయి, వాటి మీద కోతులు ఊగుతున్నాయి. అందుకని నేను రెండు చిన్న తెల్ల పెట్టెలు తెచ్చాను. ఒకటి పాత ఇంటి బాల్కనీలో, ఒకటి మా కిటికీకి. రెండూ ఎదురెదురుగా ముఖాలు చూసుకుంటాయి. పాత ఇంట్లోని ఇంటర్నెట్‌ను అది గాలిలో పంపిస్తుంది, ఇది అందుకుని మా గదిలోని తీగల్లోకి దించుతుంది. మా వాళ్ళు దాన్ని బ్రిడ్జి అంటారు.

నేను కిటికీకి మరలు బిగిస్తుంటే అక్క దూరంగా, గోడకు ఆనుకుని చూస్తోంది.

"మద్దిన తీగ నేదు గదా. మరి మాటెలగ దాటుతాది?"

"రేడియో లెక్కనే అక్కా. ఆ పెట్టె పంపుతది, ఈ పెట్టె అందుకుంటది. లోపలికొచ్చినంక మళ్ళ తీగలే. నీ ఫోనుకు తేడా తెల్వదు."

"రేడియో అయితే అందరూ వింటారు గదేటి?"

నా చేయి ఆగిపోయింది. ఇంజనీరింగ్ ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న. కానీ ఆవిడ తెలివి కోసం అడగలేదు. ఆవిడ కళ్ళు గల్లీలో నడిచిపోతున్న ప్రతి మగవాడి మీదా ఆగి ఆగి కదులుతున్నాయి.

"తాళమేసి పంపుతం అక్కా. తాళంచెవి ఈ రెండు పెట్టెలకే ఎరుక. నడుమ ఎవరన్న పట్టుకున్నా వాళ్ళకు గరగర తప్ప ఏం రాదు."

"ఆ తాళంసెవి ఎవలకీ సెప్పనేదు గదా?"

"లేదు."

"నాకూ సెప్పకు. బయ్యంలో పైకి అనీగల్ను."

పెట్టెలు రెండూ కలిశాయి. ఆకుపచ్చ దీపాలన్నీ వెలిగాయి. ఫోన్లు గొణిగి, ముఖాల మీద నంబర్లు చూపించాయి. కోఆర్డినేటర్ దీదీ చప్పట్లు కొట్టింది. అక్క మాత్రం దీపాల వంక అనుమానంగా చూసి, "ఆరిపోతే సెప్తాదా, సెప్పకుండా ఆరిపోద్దా?" అని అడిగింది.

మర్నాడు ఆ ప్రశ్నకు జవాబు దొరికింది.

ఆ మర్నాటి సంగతి నాకు ముందుగా తెలియదు, అక్కకూ దీదీకీ తెలుసు. గురుగ్రామ్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంటులో ఉండే తెలుగమ్మాయి ఒకతి అక్కకు కొన్నాళ్ళుగా ఫోన్ చేస్తోంది. మొగుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, చాలా నెమ్మదిగా మాట్లాడతాడట. గొంతు పెంచకుండానే ఆమె పట్ల ఏమేం చేసేవాడో అక్క నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పబోయి కొంగు మడవడం మొదలుపెట్టేది. ఆ పిల్ల బియ్యం డబ్బాలో ఒక పాత ఫోన్ దాచుకుంది. అతను కింద జిమ్‌కు వెళ్ళినప్పుడు తీసి మాట్లాడేది. ఆ రోజు ఇల్లు వదిలి వచ్చేయాలని నిశ్చయమైంది. దీదీ ఒక మహిళా కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని, టాక్సీలో ఆ అపార్ట్‌మెంటు గేటు బయట ఉంటుంది. పిల్ల ఒక్కటే షరతు పెట్టింది. గేటు దాటేదాకా ఆంటీ ఫోన్‌లో ఉండాలి.

ఆ పిల్ల ఫోన్ మధ్యాహ్నం భోజనాల ముందు వచ్చింది. గది చిన్నది, ఫోన్ గొంతు పెద్దది, నాకూ వినిపిస్తోంది. "ఆంటీ, ఆయన కిందికి వెళ్ళారు. కానీ ఈ రోజు ఎందుకో వెళ్ళేటప్పుడు నా వంక చూసి..." అంది. మా ఇంటి మీదుగా ఒక విమానం దిగుతూ వెళ్ళింది. ఫోన్ మూగబోయింది. ముఖం మీది నంబరు కూడా పోయింది.

అక్క నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను.

"నాను పెట్టనేదు గుంటా. నాను పెట్టనేదు. నానే పెట్టీసినాననుకుంటాది."

తిరిగి ఫోన్ చేయడానికి లేదు. ఆ పాత ఫోన్ మోగకూడదు. అతను వెనక్కి వచ్చి ఉంటే, బియ్యం డబ్బాలోంచి మోత వినిపిస్తే, అంతే. నేను లాప్‌టాప్ తెరిచి పెట్టె లోపల రాసుకునే చిట్టా చూశాను. రాడార్ అని ఉంది. అప్పుడు నా తలకెక్కింది. గాలిలో ఈ పెట్టెలు మాట్లాడుకునే దారులు కొన్నింటిని విమానాల రాడార్లు కూడా వాడుకుంటాయి. రాడార్ వినిపించిందంటే పెట్టె గౌరవంగా నోరు మూసుకుని, వేరే దారి వెతుక్కోవాలి. చట్టమే అంత. నేను ఖాళీగా ఉంది కదా అని సరిగ్గా అలాంటి దారే ఎంచాను. ఇక మిగిలింది రాడార్ల జోలి లేని ఇరుకు దారి. బేర్ సరాయ్‌లో చదువుకునే పిల్లల గదుల్లోని వైఫైలన్నీ ఆ దారిలోనే తోసుకుంటాయి. పెట్టెలు రెండింటినీ అందులోకి మార్చాను. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి, ఈసారి అన్నీ కాదు, సగమే.

"వచ్చింది అక్కా. కానీ నిన్నటంత బలంగా లేదు."

"మళ్ళీ పోతాదేటి?"

"పోదు," అన్నాను. నాకు తెలియదు.

ఫోన్ మోగలేదు. టాక్సీలోంచి దీదీ ఏమైందని అడుగుతూ నా మొబైల్‌కు సందేశాలు పెడుతోంది. అక్క కొంగు మడవడం కూడా మానేసి, అరచేతులు రెండూ బల్ల మీద బోర్లించి కూర్చుంది. ఆ చేతుల కింద బల్ల సన్నగా టకటకలాడుతోంది. కింద గల్లీలో కూరలబండివాడు ఆనపకాయలంటూ అరుస్తున్నాడు.

మోగింది.

"ఆంటీ, పెట్టేశారేంటి?" ఆ పిల్ల ఏడుస్తోంది.

"నాను కాదమ్మా, మిసను. నానుండగా నాను పెడతానేటి? ఆడొచ్చినాడా?"

"లేదు. ఇంకా రాలేదు. నేను వెళ్ళలేను ఆంటీ. కాళ్ళు రావడం లేదు."

"నాకూ రావట్లేదమ్మా. కుర్సీలో కూకున్నా వొణుకుతున్నాయి. నువ్వూ నానూ ఇద్దరం కలిసి బయపడదాం. ముందు తలుపు తియ్యి."

తలుపు తీసిన చప్పుడు. "లిఫ్ట్ ఉంది ఆంటీ."

"లిఫ్టొద్దు. లోపల ఫోన్ పోతాది. మెట్లు దిగు."

నేను కిటికీ కింద నేల మీద కూర్చుని పెట్టె దీపాలనే చూస్తున్నాను. దేవుడికి దండం పెట్టే అలవాటు నాకు లేదు. ఆ రోజు ఆ ఆకుపచ్చ చుక్కలకు పెట్టాను. ఇంతలో గల్లీకి అవతల, బాల్కనీ పిట్టగోడ మీదికి ఒక కోతి వచ్చి కూర్చుంది. పక్కనే మా రెండో పెట్టె. కోతి దాన్ని వేలితో పొడిచింది. మా కిటికీ దగ్గర ఒక దీపం ఆరిపోయింది. అక్కకు కూడా కనిపించింది. కోతి కనిపిస్తే కిటికీలన్నీ మూసుకునే మనిషి, దాని కళ్ళలోకే చూస్తూ, గొంతు మారనివ్వకుండా మాట్లాడుతూనే ఉంది.

"ఎక్కడున్నావమ్మా?"

"ఎవరో పైకి వస్తున్నారు."

"గోడేపు తిరుగు. ఫోన్‌లో మీయమ్మతోటి మాటాడతన్నట్టు నవ్వు."

అటువైపునుంచి నిజంగానే ఒక నవ్వు వినిపించింది. అంత భయంకరమైన నవ్వు నేను వినలేదు. బకెట్టు పట్టుకుని పనిమనిషి పైకి వెళ్ళిపోయిందట.

కోతి ఇప్పుడు పెట్టె మీద మోచేయి ఆనించింది. పెట్టె కొంచెం పక్కకు తిరిగింది. ఇంకో దీపం ఆరింది. ఇక ఒకటే మిగిలింది. అరిస్తే కోతి బెదిరి పెట్టెను పీకుతుందేమో, అరవకపోతే ఇంకా తిప్పుతుందేమో. ఫోన్‌లో మాటలు మధ్య మధ్య తెగుతున్నాయి.

"ఆంటీ... జిమ్... అద్దాల గోడ. ముందునుంచే వెళ్ళాలి. ఆయన వీపు కనిపిస్తోంది."

"ఈపే గదమ్మా. ఈపుకి కళ్ళుండవు. నడు."

"తిరిగితే?"

"తిరిగీలోపు నడు. నా మాట మీద నడు. అమ్మా, ఉన్నావా? నడు, నడు, నడు..."

అలా ఆ ఒక్క మాటే అంటూ పోయింది. పాప మొదటి అడుగులు వేస్తుంటే తల్లి అన్నట్టు. ఆ తరువాత ఒక మగగొంతు వినిపించింది. "మేడమ్, కహా?" అంటోంది ఆ గొంతు. గేటు దగ్గరి గార్డు.

ఎక్కడికని అడుగుతున్నాడు.

"దూద్ అని సెప్పు," అక్క గుసగుసగా అంది. "పాలకని సెప్పు."

"దూద్," అంది ఆ పిల్ల గొంతు. తరువాత కారు తలుపు చప్పుడు, దీదీ కంఠం, "బేటా, బైఠో, బైఠో" అని. ఆ తరువాత ఏమీ లేదు. కారెక్కగానే ఫోన్ ఆపేయమని ముందే చెప్పి ఉంచారు.

అక్క ఫోన్ దించలేదు. చాలాసేపు అలాగే పట్టుకుని, లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకుంది. ముఖం కడుక్కుని వచ్చి, "పంచదార ఎక్కువేసి టీ ఎట్టు గుంటా" అంది. ఎదురుగా బాల్కనీలో కోతి లేదు. పెట్టె పక్కకు తిరిగి, గోడ వంక చూస్తోంది. అయినా ఆ చివరి దీపం ఎలా వెలుగుతోందో నాకు ఈ రోజుకీ అంతుపట్టదు.

ఆ పిల్ల క్షేమంగా చేరిందని సాయంత్రం దీదీ చెప్పింది. ఎక్కడికి చేరిందో అక్క అడగలేదు, నన్నూ అడగనివ్వలేదు. "మనకి తెలవకపోతేనే మంచిది. మనం పైకి అనీగలం," అంది.

కొద్ది రోజులకు ఇంటర్నెట్ లైను కొత్త గదికే వచ్చింది. పెట్టెలు విప్పేశాను. అంతా సర్దుకుందనుకున్నాం. అప్పుడొచ్చాడతను.

మా గల్లీని అతను ఎలా పట్టుకున్నాడో మాకు ఎప్పటికీ తెలియలేదు. దీదీ ముందే మాకందరికీ అతని ఫోటో చూపించి ఉంచింది కాబట్టి గుర్తుపట్టాం. మొదటి రోజు పుస్తకాల కొట్టు ముందు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాఫీ కప్పు. రెండో రోజూ అక్కడే. దీదీ పోలీసులకు చెప్పింది. వాళ్ళు వచ్చి అడిగితే, స్నేహితుడి కోసం చూస్తున్నానని మర్యాదగా జవాబిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అక్కను బస్‌స్టాప్ దాకా దిగబెట్టడానికి నేను వెంట వెళ్ళాను. బస్సు కోసం నిలబడ్డాం. పక్కన ఎవరో వచ్చి నిలుచున్నట్టనిపించి తల తిప్పాను. అతనే.

"ఆంటీజీ, యహా కోయీ ఆఫీస్ హై క్యా, లేడీస్ కా?" అంటూ, ఇక్కడ ఆడవాళ్ళ ఆఫీసేదైనా ఉందా అని అడిగాడు అక్కను. గొంతు ఎంత మెత్తగా ఉందో!

"మాలూమ్ నహీ బేటా," అంది అక్క.

అతను ఆవిడ మెడలోని నల్లపూసల వంకా, కట్టిన చీర వంకా చూశాడు. చిరునవ్వు నవ్వాడు.

"ఆంటీ, మీరు తెలుగువారా?" అన్నాడు తెలుగులో.

పరాయి ఊళ్ళో ఎవరైనా ఆ మాట అడిగితే మన ముఖం మనల్ని అడగకుండానే విచ్చుకుంటుంది. అక్క ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"క్యా బోలా బేటా?" అంది, తెలుగు రానిదానిలా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

అతను ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఉండిపోయాడు. బస్సు వచ్చింది. అక్క ఎక్కింది. కిటికీ పక్క సీటులో కూర్చుని, నన్ను ఎప్పుడూ చూడనట్టే ఎదురుగా చూస్తూ వెళ్ళిపోయింది. నేనూ ఎవరో పరాయిదాన్నయినట్టు, అతనికి వీపు చూపించి, మా గదివైపు కాకుండా వేరే దిక్కుకు నడిచాను. వీపంతా సూదులు గుచ్చుతున్నట్టుంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అక్క ఇక రాదనుకున్నాను. రాకూడదని కూడా అనుకున్నాను. రావద్దని దీదీయే ఫోన్ చేసి చెప్పిందని తరువాత తెలిసింది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి, అంత ఉక్కలో తల నిండా శాలువా కప్పుకుని, తన కుర్చీలో కూర్చుని ఉంది. వెనక గల్లీలోంచి, కుక్కలుండే దారిలోంచి వచ్చిందట. చేతిలో టీ సాసర్‌లోకి ఒలికిపోతోంది.

"రాత్రంతా బయ్యమేసింది గుంటా," అంది. "తెల్లారగానే వొచ్చీసినాను."